షోలాపూరు శెగడి మీద గ్రీకు సువ్లాకి

గొర్రె మాంసం, రొట్టె, పెరుగు, దోసకాయ, ఉల్లిగడ్డ, టమాటా. ఈ ఆరింటిలో మనకు కొత్తది ఏదీ లేదు. మాంసం తినే తెలుగువారి ఇంట్లో ఆదివారం నాడు ఇవన్నీ ఉండేవే. అయితే ఈ ఆరింటినీ కలిపి గ్రీసు దేశస్థులు చేసుకునే వంటకం ఒకటి ఉంది. దాని పేరు సువ్లాకి. మాంసం ముక్కలను పుల్లలకు గుచ్చి, నిప్పుల మీద కాల్చి, మెత్తటి రొట్టెలో పచ్చి కూరగాయలతోను, పెరుగు పచ్చడితోను కలిపి చుట్టి, చేత్తో పట్టుకుని తింటారు.

నేను బ్యాంకు ఉద్యోగిని. కామర్సు చదివినవాణ్ణి. వంటల గురించి రాసే అర్హత నాకు లేదని మా ఆవిడ ఇప్పటికే చెప్పేసింది. అయినా ఈ వ్యాసం రాయడానికి కారణం ఉంది. ఈ వంట మా ఇంట్లోకి వచ్చిన దారి మన పత్రిక చదువరులు చాలామందికి తెలిసిన దారే అనుకుంటున్నాను. కనుక వంట ఎలా చేయాలో చెబుతూనే, ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

లెక్క కుదరలేదు

మా అబ్బాయి 2023 జూలైలో పై చదువుకు ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ వెళ్ళాడు. విద్యా రుణం తీసుకున్నాము. ఫీజు పోను నెల ఖర్చులకు నేను కొంత పంపేవాణ్ణి. నాలుగు నెలలయ్యేసరికి "ఇక పంపకండి నాన్నా, నాకు సరిపోతోంది" అన్నాడు. ఆ దేశంలో చదువుకునే విదేశీ విద్యార్థులు తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల దాకా పనిచేసుకోవచ్చునని 2023 జూలై నుంచి నిబంధన ఉంది. ఏం పని అని అడిగితే "ఆఫీసు పని లాంటిదే" అన్నాడు. ఆఫీసు పని వేరు, ఆఫీసు పని లాంటిది వేరు. ముప్పయ్యేళ్ళుగా లెక్కలు సరిచూసే ఉద్యోగం చేస్తున్నవాడికి ఈ తేడా తెలియదా! కానీ అడగలేదు. అడిగితే వచ్చే జవాబు వినాలని లేకపోయింది కాబోలు.

2024 డిసెంబరులో సెలవులకు ఇంటికి వచ్చాడు. రాగానే మా అమ్మ వాడి చెయ్యి పట్టుకుని చూసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నాలుగైదు చోట్ల కాలిన మచ్చలు.

"ఏందిరా ఇవి? పొయ్యి కాల్పులు కావా?" అంది.

వాడు నా వైపు ఒకసారి చూసి, "అవును నాయనమ్మా, నేను గ్రీకువాళ్ళ దుకాణంలో మాంసం కాలుస్తాను" అన్నాడు.

ఆ రాత్రి నేను సరిగా భోంచేయలేదు. మరునాడు కూడా వాడితో పెద్దగా మాట్లాడలేదు. బ్యాంకు ఆఫీసరు కొడుకు మాంసం దుకాణంలో పనిచేయడమా అన్నది పైకి అనలేదు గాని, మనసులో ఉన్నది అదే. మూడో రోజు శుక్రవారం. సాయంత్రం వాడే వచ్చి, "నాన్నా, ఆదివారం నాడు ఒక్కసారి చేసి పెడతాను. తిన్న తరువాత మీరు ఏమన్నా వింటాను" అన్నాడు. మా ఆవిడ వెంటనే ఒప్పుకుంది. నేను సరుకుల పట్టీ రాయడానికి కాగితం తీసుకున్నాను. మా ఇంట్లో నేను ఒప్పుకున్నానని చెప్పే పద్ధతి అదే.

పుల్లకు, డబ్బుకు ఉన్న చుట్టరికం

సువ్లా అంటే గ్రీకులో మాంసం గుచ్చి కాల్చే చువ్వ. సువ్లాకి అంటే చిన్న చువ్వ. అయితే ఏథెన్సు వాళ్ళు చువ్వకు గుచ్చిన మాంసాన్ని కలమాకి అంటారు, అంటే చిన్న రెల్లుపుల్ల. రొట్టెలో చుట్టినదే వాళ్ళకు సువ్లాకి. ఉత్తరాన ఉన్న థెస్సలోనికి వాళ్ళు దీనికి ఒప్పుకోరు. చువ్వకు ఉన్నదే సువ్లాకి అంటారు. ఈ విషయంలో రెండు ఊళ్ళవాళ్ళూ ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. ఒకే కాయను కొందరం సొరకాయ అని, కొందరం ఆనపకాయ అని వాదులాడుకునే మనకు ఇది కొత్తగా తోచదు.

పెద్ద మాంసపు దిమ్మను నిలువు చువ్వకు గుచ్చి, మంట పక్కన తిప్పుతూ, కాలిన పొరను కత్తితో చెక్కి పెట్టేది వేరే రకం. దాన్ని యీరో అంటారు. యీరో అంటే తిరగడం. గైరోస్కోపు అనే మాటలో ఉన్నది ఈ ధాతువే. టర్కీ వాళ్ళు ఇటువంటిదాన్నే డోనర్ అంటారు, దాని అర్థమూ తిరిగేది అనే. ఇంట్లో నిలువు చువ్వ పెట్టడం మనవల్ల కాదు. కనుక మనం చేయగలిగింది సువ్లాకియే.

మాంసాన్ని చువ్వలకు గుచ్చి కాల్చడం గ్రీకులకు చాలా పాత అలవాటు. సాంతోరినీ ద్వీపంలో అక్రోతిరి అనే చోట 1967లో తవ్వకాలు మొదలయ్యాయి. 3500 సంవత్సరాలకు పూర్వం అగ్నిపర్వతం బద్దలై, బూడిద కింద పూడిపోయిన పట్టణం అది. అక్కడ చువ్వలు ఆనించుకోవడానికి అంచుల్లో గాట్లు పెట్టిన దిమ్మెలు జంటలుగా దొరికాయి. హోమరు కావ్యం ఇలియడ్ తొమ్మిదో సర్గలో వీరుడైన ఎకిలీజు ఇంటికి వచ్చిన అతిథులకు చువ్వల మీద మాంసం కాల్పించి, తానే స్వయంగా కోసి వడ్డిస్తాడు. అంత వీరుడు చేసిన పనిని నా కొడుకు చేస్తే నాకెందుకు నామోషీ అని ఇప్పుడు అనుకుంటున్నాను గాని, అప్పుడు నాకు ఎకిలీజు గుర్తు రాలేదు.

ఇక నా వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పాలి. ప్రాచీన గ్రీకులో చువ్వను ఒబెలోస్ అనేవారు. నాణాలు రాకముందు ఇనుప చువ్వలే డబ్బుగా చెల్లేవి. తరువాత నాణాలు వచ్చినప్పుడు చిన్న నాణానికి ఒబోల్ అని పేరు వచ్చింది. ఆరు ఒబోల్‌లు ఒక ద్రాక్మా. ద్రాక్మా అంటే గుప్పెడు, అంటే ఒక చేతిలో పట్టే చువ్వల కట్ట. ఆర్గోస్ దగ్గర హేరా దేవి ఆలయంలో దొరికిన అటువంటి ఇనుప చువ్వల కట్ట ఏథెన్సు నాణాల మ్యూజియంలో ఉంది. 2002లో యూరో నోట్లు, నాణాలు వచ్చేదాకా గ్రీసు దేశపు డబ్బు పేరు ద్రాక్మాయే. ఒక యూరోకు 340.75 ద్రాక్మాల లెక్కన మార్చి దాన్ని రద్దు చేశారు.

అంతటితో ఆగలేదు. ఆ ద్రాక్మా అనే మాటే పూర్వకాలంలో మన దేశానికి వచ్చి సంస్కృతంలో ద్రమ్మ అయింది. ద్రమ్మ నుంచి దామ్, దామ్ నుంచి దమ్‌డీ, దాని నుంచి మన తెలుగు దమ్మిడీ. "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని మన పెద్దలు అన్నప్పుడల్లా, తెలియకుండానే గ్రీకువాళ్ళ మాంసపు చువ్వలను తలచుకున్నారన్నమాట.

శనివారం సాయంత్రం చేయవలసినవి

కింద చెప్పిన కొలతలకు ఎనిమిది సువ్లాకీలు వస్తాయి. ఇద్దరు పెద్దలకు నాలుగు చాలు. మా అబ్బాయి వయసు వాళ్ళుంటే లెక్క మారుతుంది.

మాంసం: ఎముక లేని లేత గొర్రె తొడ మాంసం ముప్పావు కిలో. గ్రీసు వీధుల్లో నేడు ఎక్కువగా పంది మాంసంతో చేస్తారు. గొర్రెపిల్లను ఈస్టరు పండుగకు మొత్తంగా కాలుస్తారు. మెల్బోర్న్‌లో గొర్రె మాంసం సువ్లాకి బాగా నడుస్తుంది. మన దగ్గర మటన్ అంటే చాలాచోట్ల మేక మాంసమే ఇస్తారు. మా జిల్లాలో ధన్‌గర్లు మేపే దక్కనీ గొర్రెలు ఉన్నాయి గనుక, అడిగితే గొర్రె మాంసం దొరుకుతుంది. ముదురు మాంసం ఈ వంటకు పనికిరాదు. కూరకైతే కుక్కరులో ఇంకో నాలుగు కూతలు ఎక్కువ పెట్టవచ్చు, నిప్పుల మీద ఆ వీలు లేదు.

మాంసాన్ని అంగుళం ముక్కలుగా కోయించాలి. అన్నీ ఒకే కొలతలో ఉండటం ముఖ్యం. లేకుంటే చిన్నవి మాడిపోయి, పెద్దవి పచ్చిగా ఉంటాయి. నాలుగు చెంచాల నూనె, నూరిన వెల్లుల్లి రెబ్బలు నాలుగు, ఒక ఉల్లిగడ్డను తురిమి పిండిన రసం, సగం నిమ్మకాయ రసం, చిన్న చెంచాడున్నర ఉప్పు, చిన్న చెంచాడు మిరియాల పొడి వేసి కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. నిమ్మరసం అంతా ముందే పోయకూడదు. పులుపులో ఎక్కువసేపు ఉంటే మాంసం పైపొర సుద్దలాగా అవుతుంది. మిగతా సగం కాల్చిన తరువాత పిండాలి. మాంసం ముదురని అనుమానం ఉంటే చిన్న చెంచాడు పచ్చి బొప్పాయి ముద్ద కలపవచ్చు, కాని రాత్రికి కాదు, కాల్చడానికి గంట ముందు మాత్రమే. ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండిపిండి అయి చువ్వకు నిలవదు.

గరం మసాలా, కారం, ధనియాలు వద్దు. ఇక్కడ మా ఆవిడకు, మా అబ్బాయికి కొంత వాదన జరిగింది. చివరకు వాడే గెలిచాడు.

ఈ వంటకు ప్రాణం రిగాని అనే ఎండు ఆకు. మనకు పిజ్జాలతో వచ్చే చిన్న పొట్లాల్లోని ఒరెగానో అదే. రెండు చిన్న చెంచాలు కావాలి. ఆ రోజు మా ఇంట్లో లేదు. దుకాణానికి వెళ్ళబోతుంటే మా అమ్మ పొట్లంలో ఉన్నదాన్ని ఎప్పుడో వాసన చూసినట్టుంది, "గా వాసన మన వామాకుకు లేదా?" అంది. నిజమే. కుండీలో పెరిగే వాము ఆకులో, ఒరెగానోలో ఆ ఘాటును ఇచ్చే ముఖ్య పదార్థం ఒకటే, దాని పేరు కార్వక్రాల్. కన్నడ ప్రాంతంలోని మన వాళ్ళు దొడ్డపత్రె అనేదీ, తమిళనాడులో కర్పూరవల్లి అనేదీ ఇదే ఆకు. ఎనిమిది ఆకులు సన్నగా తరిగి మాంసంలో కలిపాము. మా అబ్బాయి వాసన చూసి, కళ్ళు మూసుకుంటే దుకాణంలో ఉన్నట్టే ఉందన్నాడు.

పెరుగు పచ్చడి: దీన్ని గ్రీకులు జాజికి అంటారు. టర్కీ మాట నుంచి వచ్చిన పేరు. అర కిలో గట్టి పెరుగును పల్చని గుడ్డలో మూటకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఒక గిన్నెపైన వేలాడదీయాలి. నీరంతా కారి, సుమారు సగం మిగులుతుంది. మహారాష్ట్రలోని మన ఆడపడుచులకు ఇది చెప్పనక్కరలేదు, శ్రీఖండ్‌కు చేసే చక్కా ఇదే. మరునాడు ఒక కీరదోసకాయను తురిమి, ఉప్పు చల్లి, పావుగంట తరువాత గట్టిగా పిండి ఇందులో కలపాలి. రెండు వెల్లుల్లి రెబ్బలు నూరి, ఒక చెంచా నూనె, చిన్న చెంచాడు వెనిగరు, సన్నగా తరిగిన సోయకూర వేయాలి. సోయకూరను మా బజారులో శేపు అంటారు, కన్నడంలో సబ్బసిగె. అది లేకుంటే పుదీనా. కీరను పిండకుండా వేస్తే పచ్చడి నీళ్ళయి రొట్టె తడుస్తుంది, చుట్ట విడిపోతుంది. మన పెరుగు పచ్చడికి, దీనికి ఉన్న తేడా ఇంతే. తాలింపు లేదు, నీళ్ళు లేవు.

నూనె సంగతి: ఆలివ్ నూనె అయితే రుచి సరిగా ఉంటుంది. ఖరీదు ఎక్కువ అనుకుంటే పచ్చళ్ళలోకి, సలాడు మీదికి మాత్రం అది వాడి, మాంసానికి, రొట్టెకు వేరుశనగ నూనె వాడవచ్చు. మేము అలాగే చేశాము. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ తగ్గించాలో తెలియడమే గదా పొదుపు.

ఆదివారం పని

రొట్టె: గ్రీకుల పీతా మన పుల్కాలాగా పొంగి రెండు పొరలు కాదు. కొంచెం మందంగా, మెత్తగా, వంచితే విరగకుండా ఉంటుంది. 400 గ్రాముల మైదా, చిన్న చెంచాడు ఇన్‌స్టెంట్ ఈస్టు, చిన్న చెంచాడు పంచదార, అంతే ఉప్పు, రెండు చెంచాల నూనె, సుమారు 250 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు. పది నిమిషాలు బాగా పిసికి, తడిగుడ్డ కప్పి, రెట్టింపు అయ్యేదాకా ఉంచాలి. ఎండాకాలంలో ముప్పావు గంట, చలికాలంలో గంటన్నర. ఎనిమిది ఉండలు చేసి, ఏడంగుళాల రొట్టెలు వత్తి, పొంగకుండా ఫోర్కుతో అక్కడక్కడా పొడిచి, వేడి ఇనుప పెనం మీద రెండు పక్కలా నిమిషంన్నర చొప్పున కాల్చాలి. తీసిన వెంటనే గుడ్డలో చుట్టి ఉంచాలి. ఆరితే అప్పడమే.

కూరగాయలు: టమాటాలు మూడు, ఉల్లిగడ్డలు రెండు, కీరదోసకాయ ఒకటి. పొడుగ్గా, సన్నగా కోసి, చిటికెడు ఉప్పు, రెండు చుక్కల వెనిగరు చల్లాలి. గ్రీకు పల్లెటూరి సలాడులో వీటితోపాటు పచ్చి క్యాప్సికం, ఆలివ్ కాయలు, ఫెటా అనే ఉప్పటి గొర్రెపాల జున్ను ఉంటాయి. సువ్లాకిలో వీటికి పని లేదు. ఆలుగడ్డ వేపుళ్ళు నాలుగు లోపల పెట్టడం మాత్రం గ్రీసులో మామూలే. పిల్లలున్న ఇళ్ళలో అవి తప్పనిసరి.

కాల్చడం: వెదురు పుల్లలను అరగంట నీళ్ళలో నానబెట్టాలి, లేకుంటే పుల్లలే ముందు కాలుతాయి. పుల్లకు అయిదారు ముక్కలు, మరీ ఒరుసుకోకుండా గుచ్చాలి. మా అటక మీద పదిహేనేళ్ళుగా పడి ఉన్న బొగ్గుల శెగడిని దించాము. బొగ్గు రాజేసి, మంట పూర్తిగా తగ్గి, నిప్పులపై తెల్లటి బూడిద పొర కట్టేదాకా ఆగాలి. తొందరపడి మంట మీద పెడితే కొవ్వు కారి భగ్గుమంటుంది, పైన మాడుతుంది, లోపల ఉడకదు. మా అబ్బాయి చేతుల మీది మచ్చలలో రెండు ఆ తొందర వల్ల వచ్చినవేనట. రెండు నిమిషాలకొకసారి తిప్పుతూ మొత్తం పది నిమిషాలు కాల్చాలి. ఒక ముక్క కోసి చూసి, పచ్చి లేదని తెలుసుకున్నాక దించి, మిగిలిన సగం నిమ్మకాయ పిండి, మూడు నిమిషాలు ఊరుకోవాలి. బొగ్గులు లేనివాళ్ళు గ్రిల్ పెనం మీదో, మామూలు ఇనుప పెనం మీదో బాగా వేడి చేసి కాల్చవచ్చు. పొగ వాసన రాదు, అంతే.

దుకాణం యజమాని సంగతి

నిప్పులు సిద్ధమయ్యేదాకా మేమిద్దరం శెగడి దగ్గర కూర్చున్నాము. వాడే తన యజమాని గురించి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత 1950లు, 60లలో గ్రీకులు వేల సంఖ్యలో ఓడల మీద ఆస్ట్రేలియాకు వలస వెళ్ళారు. నేడు గ్రీసు బయట గ్రీకులు ఎక్కువగా ఉన్న నగరాలలో మెల్బోర్న్ ఒకటి. ఓక్లీ అనే పేట వీధుల్లో ఇప్పటికీ గ్రీకు మాటలే వినిపిస్తాయట. ఈయన తల్లిదండ్రులూ అలా వెళ్ళినవాళ్ళే. ఆయన నాయనమ్మది మాత్రం గ్రీసు కూడా కాదు, టర్కీలోని స్మిర్నా. నేటి పేరు ఇజ్మీర్.

1922లో స్మిర్నా తగలబడింది. 1923లో లోసాన్ ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ మనుషులను మార్చుకున్నాయి. ఆ సంవత్సరాలలో సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు టర్కీ నుంచి గ్రీసుకు, సుమారు 4 లక్షల మంది ముస్లిములు గ్రీసు నుంచి టర్కీకి వెళ్ళవలసి వచ్చింది. మతాన్ని చూశారు గాని భాషను చూడలేదు. దాంతో టర్కీ భాష తప్ప ఏమీ రాని కప్పదోకియా క్రైస్తవులు గ్రీసులో దిగారు. గ్రీకు మాట్లాడే క్రీటు ద్వీపపు ముస్లిములు టర్కీలో దిగారు. సొంత దేశం అన్నచోట వాళ్ళ మాట ఎవరికీ అర్థం కాలేదు. ఆ శరణార్థులు చేతిలో పట్టుకుపోయింది వంట ఒక్కటే. రొట్టెలో కాల్చిన మాంసం పెట్టి వీధుల్లో అమ్మడం గ్రీసులో పెరిగింది వాళ్ళ చేతుల మీదే.

మా తాతగారు మగ్గం పని వెతుక్కుంటూ నిజాం రాజ్యంలోని కరీంనగర్ వైపు నుంచి షోలాపూరు వచ్చారు. ఎవరూ తరమలేదు, ఆకలి తప్ప. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, బ్యాంకులో ఇంగ్లీషు, హిందీ. మన చదువరులలో బళ్ళారివారు, హోసూరువారు, బరంపురంవారు, యానాంవారు అందరూ ఇటువంటి లెక్కే చెబుతారు. "ఆయన నన్ను తెలుగులో ఏదైనా పాట పాడమంటాడు నాన్నా, వాళ్ళ నాయనమ్మ భాషలో పాట ఆయనకు ఒక్కటే మిగిలిందట" అన్నాడు మా వాడు. నేను నిప్పులు విసురుతూ ఊరుకున్నాను.

చుట్టడం ఎవరికి వచ్చు?

అందరం వరండాలో కూర్చున్నాము. రొట్టె మీద చెంచాడు జాజికి పూసి, మాంసం, కూరగాయలు పెట్టి చుట్టాలి. నేను చుట్టినది మొదటి కొరుకుకే కింద నుంచి కారి చొక్కా మీద పడింది. మా ఆవిడది మధ్యలో విచ్చుకుంది. వాడు దుకాణంలో కాగితం వేసి బిగిస్తాడు, ఇంట్లో ఆ కాగితం లేదు.

మా అమ్మకు 78 ఏళ్ళు. కొంతసేపు చూసి, "గట్ల చుడితే ఆగదురా. ఇటు తే" అంది. రొట్టెను పళ్ళెంలో కాదు, అరచేతిలో పెట్టుకుంది. సరుకును మధ్యలో కాకుండా ఒక అంచుకు పేర్చింది. బొటనవేళ్ళతో ఆ అంచును లోపలికి తోసి, ఒక్క దొర్లింపుతో బిగించి, అడుగును చూపుడువేలితో లోపలికి మడిచింది. తలకిందులు చేసి చూపించింది. ఒక్క చుక్క జారలేదు.

నాకు గొంతు పట్టుకుంది. ఎందుకంటే ఆ వేళ్ళు ఎక్కడ నేర్చుకున్నాయో నాకు తెలుసు. మా అమ్మ ముప్పయ్యయిదేళ్ళు బీడీలు చుట్టింది. తునికాకు నానబెట్టి, రేకు కొలత పెట్టి కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేది. షోలాపూరులో వేలమంది తెలుగు ఆడవాళ్ళ బతుకు అది. పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుంటే వెయ్యి. లెక్క అప్పజెప్పేచోట బాగా లేవని ఏరి పారేసినవాటికి కూలి లేదు. నా బి.కామ్. ఫీజు ఆ బీడీలదే.

బ్యాంకు ఇంటర్వ్యూలో మీ అమ్మగారు ఏంచేస్తారని అడిగితే "గృహిణి" అన్నాను. ముప్పయ్యేళ్ళు దాటింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. నా కొడుకు "ఆఫీసు పని లాంటిదే" అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ విద్య వాడికి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అప్పుడు తట్టలేదు.

ఆ వరండాలోనే అమ్మకు చెప్పాను. అందరూ విన్నారు. అమ్మ నా మొహం వంక చూసి, "ఉద్యోగం అచ్చింది గదా. గిప్పుడెందుకురా ఆ ముచ్చట? రొట్టె చల్లారుతది, తిను" అంది. తరువాత మనవడికి చుట్టడం నేర్పింది. మూడోసారికి వాడికి వచ్చింది. నాలుగోదానిలో ఆమె షోలాపూరు శేంగా చట్నీ ఒక చెంచాడు వేసింది. గ్రీకులు ఒప్పుకోకపోవచ్చు గాని, మా ఇంట్లో ఇక అదే పద్ధతి.

శాకాహారులు మాంసం బదులు పనీరు ముక్కలను అదే మసాలాలో గంటసేపు నానబెట్టి, అయిదారు నిమిషాలు కాల్చుకోవచ్చు. మిగతాదంతా ఒకటే.

సోమవారం బ్యాంకులో టీ సమయాన సహోద్యోగి ఒకాయన, మీ అబ్బాయి అక్కడ ఏంచేస్తున్నాడని అడిగాడు. "చదువుకుంటూ గ్రీకువాళ్ళ దుకాణంలో మాంసం కాలుస్తున్నాడు" అన్నాను. "మంచిదే, ఖర్చులు వెళ్తాయి" అని ఆయన బిస్కట్టు అందుకున్నాడు. నేను రెండు రోజులు భోజనం మానిన విషయం అంతటితో ముగిసింది.

అబ్బాయి జనవరిలో తిరిగి వెళ్ళాడు. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోను చేశాడు. రద్దీ సమయంలో కాగితం లేకుండా ఒకటి చుట్టి తాను తింటుంటే యజమాని చూసి, ఇలా ఎవరు నేర్పారని అడిగాడట. మా నాయనమ్మ అని చెప్పాడట. ఆవిడకూ దుకాణం ఉండేదా అని అడిగితే, లేదు, బీడీలు చుట్టేది అని చెప్పి, బీడీ అంటే ఏమిటో అరగంట వివరించవలసి వచ్చిందట.

ఫోను అమ్మకు ఇచ్చాను. ఆమె అడిగింది ఒక్కటే: "చేతులు కాల్చుకుంటలేవు గదా?"